ఏసోబు పడవల వేడి

పొద్దుగాల ఏసోబు చేసే మొదటి పని పడవల ఊరిన నీళ్లు తోడిపోసుడు. తర్వాత ఇంజన్‌కు డీజిల్ పోసి, మీటరు మీది గుడ్డ తీసి అద్దం తుడుస్తడు. ఒకప్పుడు బాయి కాడ నీళ్లు తోడిన పాత ఆయిలింజనే అది. డిజిటల్ మీటరైతే ఫోన్‌ల వీడియోలు చూసుకుంట ఏసోబే బిగించిండు. బ్యాటరీ ఎంతుంది, ఆయిల్ ఎంతుంది, ఇంజన్ ఎంత వేడెక్కింది, అన్నీ పచ్చటి అంకెలల్ల కనబడుతయి. కొల్లాపూర్ అవతల కృష్ణ నీళ్ల మీద ఈ ఒడ్డోళ్లను ఆ ఒడ్డుకు దాటించుడే ఆయన బతుకు.

వేడి డెబ్బై కాడుంటే అంతా మంచిగున్నట్టు. తొంభై దాటిందంటే పడవల ఎవలో మనసుల మాట దాచుకొని కూసున్నట్టు. అప్పుడు ఏసోబు నడినీళ్లల్ల ఇంజన్ బందు చేస్తడు.

"ఎవలదో చెప్పుండ్రి. ఇంజన్ జామైతే అందరం ఈడనే ఉంటం," అంటడు.

ఎవలూ పరేషాన్ గారు. ఓసారి కొత్త పెండ్లిపిల్ల మొగుని ముంగటనే "నాకు నువ్వు నచ్చలే" అన్నది. ఓసారి మీసాలు దువ్వుకునే పెద్దమనిషి తనకు చీకటంటే భయమని చెప్పిండు. మాట బయటపడంగనే అంకె దిగుతది, పడవ కదులుతది. పడవల విన్నది ఒడ్డున ఎత్తొద్దు, అది రేవు కట్టుబాటు.

చెప్పుకున్నోళ్లు తేలికై దిగిపోతరు. ఏసోబు ఒక్కడే మళ్లుతడు.

ఈ నడుమ ఖాళీ పడవ తెచ్చేటప్పుడు వేడి తొంభై దాటుడు వెట్టింది. ఏసోబు నీళ్ల పైపుల నాచు తీసిండు. పంపు రబ్బరు మార్చిండు. సెన్సర్ విప్పి కాగే నీళ్లల్ల ముంచి చూస్తే సరిగ్గ వంద చూపించింది, అంటే అదీ మంచిగనే ఉన్నది. "మంది లేని పడవల గా వేడి ఇంజన్‌ది కాకుంటే ఎవలది?" అనుకున్నడు. మస్తు తెలివిగల్లోడు పాపం. ఊరందర్నీ అడిగినోడు తనను మాత్రం సవారీల లెక్కల పట్టలే.

ఇంజన్ జామైతే కొత్తది కొనే తాకతు లేదు. పాత పడవలు కొనే నాగేందర్‌కు పడవ అమ్ముతనని మాటిచ్చి, హైదరాబాద్‌ల ఏదన్న గేటు కాడ కావలుందమనుకున్నడు. నాగేందర్ తెల్లారి వస్తనన్నడు.

ఆ సాయంత్రం ఒంటిగ మళ్లుతుంటే అంకె నూట రెండు కాడికి పోయింది. ఏసోబు ఇంజన్ ఆపి బెల్టు చూసిండు, వైర్లు చూసిండు. ఇంజన్ చల్లారింది గని అంకె చల్లారలే.

మల్లిక గుండ్రటి పుట్టిల తెడ్డేసుకుంట వచ్చింది. అదే రేవుల చేపలు పట్టి అమ్ముకునే మనిషి, మొగుడు పోయి ఒక్కతే ఉంటది.

"ఏమైంది పడవాయనా?" అనుకుంట పుట్టిని పడవకు కట్టి, ఎక్కి మీటరు చూసింది. "ఎవలదో చెప్పు మరి."

"ఎవలున్నరు? నేనొక్కన్నే గద."

"అందుకే అడుగుతున్న."

ఏసోబు చేతుల పానా కింద వెట్టిండు.

"నా పెండ్లాం బిక్షమ్మ పోయినంక నన్ను పేరు వెట్టి పిలిచినోళ్లు లేరు," అన్నడు. "పడవాయనా అంటరు, డ్రైవరన్నా అంటరు. ఇంటికి పోయి తలుపు తీసి, 'ఏసోబూ, వచ్చినవా' అని నాకు నేనే అనుకుంట. మస్తు ఒంటిగున్న మల్లికా. పడవ అమ్ముడు గూడ నాకిష్టం లేదు."

అంకె దిగి డెబ్బై కాడ నిలబడ్డది. ఏసోబు కండ్లు తుడుసుకొని ఇంజన్ చాలు చేసిండు. జర దూరం పోయినంక చూస్తే మళ్ల తొంభై రెండు.

"ఇది నాది గాదు," అన్నడు.

మల్లిక మొకం నీళ్ల దిక్కు తిప్పుకున్నది. "తెలుసు. మెల్లగ పోనియ్యి. రేపు చెప్త, రేపు పడవుంటే."

తెల్లారి నాగేందర్ ఇద్దరు మనుషులతోని వచ్చి తాడు ఇప్పబోతున్నడు. రేవు మెట్ల మీద మల్లిక తట్ట నెత్తిన పెట్టుకొని నిలబడ్డది. అందరు వినంగ గట్టిగ పిలిచింది.

"ఏసోబూ, నన్ను దాటిస్తవా?"

ఏసోబు నాగేందర్ చేతుల్నుంచి తాడు తీసుకున్నడు.

"ఏమనుకోకన్నా, పడవ అమ్మను," అన్నడు. "సవారీ ఉన్నది."

మల్లిక ఎక్కంగనే అంకె ఎగబాకింది. ఏసోబు మీటరు చూసిండు, ఆమె దిక్కు చూడలే. నడినీళ్ల దాక పోనిచ్చి, ఇంజన్ బందు చేసిండు.