కోళ్ళగూటికి ఒక అడుగు తక్కువ

ఇన్‌స్పెక్టరు గారు ఇనుప టేపును చర్రున వెనక్కి లాక్కుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "పంతొమ్మిది అడుగులు" అన్నారు.

"ఇరవై" అంది కోళ్ళావిడ.

"పంతొమ్మిదేనమ్మా. కావాలంటే మళ్ళీ కొలుస్తాను, మీరే చూడండి."

"నేను చూసేదేమిటండీ, నేనే కొలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు."

వీధిలో అందరూ ఆమెను కోళ్ళావిడ అనే అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఉత్తరాలు తెచ్చేవాడు కూడా గేటు దగ్గర అలాగే కేకేస్తాడు. ఆమెకు డిగ్రీ ఉందనీ, అందులో లెక్కలు ఒక సబ్జెక్టనీ ఎవరికీ గుర్తులేదు. ఆమెకు మాత్రం గుర్తుంది. అందుకే ఆ 'పంతొమ్మిది' అన్న మాట ఆమెను కోళ్ళ కంటే ముందే పొడిచింది.

పురపాలక సంఘం వారి కొత్త నిబంధనలు వచ్చి రెండు నెలలైంది. పెరట్లో కోళ్ళు పెంచుకునేవారు అనుమతి తీసుకోవాలి. ఇంటికి నాలుగు పెట్టలకు మించకూడదు, పుంజు అసలే కూడదు. గూటికీ పక్కింటి కిటికీకీ మధ్య ఇరవై అడుగులు ఉండాలి. లేకపోతే, మాకు సమ్మతమేనని పక్కింటివారు సంతకం పెట్టాలి. ఆ రెండూ లేని కోళ్ళను బండిలో ఎక్కించి ఊరి బయట ఫారానికి పంపేస్తారు. కుక్కలకు పట్టీ తప్పనిసరి, పిల్లులు రెండుకు మించరాదు. పావురాల గురించి ఒక్క ముక్క లేదు. రాసినా అవి చదవవని కాబోలు.

కోళ్ళావిడవి సరిగ్గా నాలుగే. మెడ నిక్కించి మిగతావాటిని వరసలో పెట్టేది హెడ్‌మిస్ట్రెస్. ఎవరికి ఏమైనా ముందు పరిగెత్తేది నర్సమ్మ. వానపడితే బురదలో కాలు పెట్టనిది పెళ్ళికూతురు. ఇక టైపిస్టు గింజల్ని ఈ చివర నుంచి ఆ చివరకు టకటకమని పొడుచుకుంటూ పోయి, వరస అయిపోగానే తల ఒక్క విసురు విసిరి, మళ్ళీ మొదటికొస్తుంది.

"మీరు దేంతో కొలిచారమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, పెళ్ళికూతురు తన బూటు లేసును పరీక్షిస్తుంటే కాలు మెల్లగా పక్కకు జరుపుకుంటూ.

ఆమె లోపలికి వెళ్ళి గుడ్డ టేపు తెచ్చి ఆయన ముందు పరిచింది. ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను. గొడవ విని, మెడలో దారపు పోగులతో ఆయన కూడా పెరట్లోకి వచ్చాడు. టేపును చూడగానే ముఖం అదోలా పెట్టాడు.

"దాంతోనా కొలిచావు?"

"ఇంట్లో ఇంకోటుందా?"

"దానికి మొదట మూడంగుళాలు లేవే! ఇస్త్రీపెట్టె కింద పడి కాలిపోతే ఎప్పుడో కత్తిరించేశాను."

కోళ్ళావిడ టేపు అంచు పట్టుకుని చూసింది. మొదటి అంకె నాలుగు. కొలిచేటప్పుడు ఆమె చూపంతా ఆ చివరనున్న అరవై మీదే ఉండిపోయింది మరి.

"అయితే ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ..."

"నేను మనసులో మూడు తీసేసుకుంటాగా!"

"ఆ సంగతి నాకు చెప్పొద్దూ?"

"నువ్వెప్పుడు టేపు పట్టావని? గుడ్డనైనా, నన్నైనా కంటితోనే కొలుస్తావు కదా."

నాలుగు టేపుల కొలత, టేపుకు మూడంగుళాల తరుగు, వెరసి ఒక అడుగు. లెక్కలు చదివినందువల్ల ఇది ఆమెకు క్షణంలో తేలింది. చదువు వల్ల ప్రయోజనం అంతవరకే.

"పోనీ గూడు ఒక అడుగు వెనక్కి జరపండి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"వెనక మా వంటింటి గోడండీ. పైగా అది ఇటుకల గూడు. సిమెంటు కూడా నేనే పూశాను."

"అయితే సంతకమే దిక్కు. ఈ వీధి చివరి వరకూ తనిఖీ చేసుకుని నాలుగింటికి మళ్ళీ వస్తాను. పక్కింట్లో ఎవరుంటారు?"

"మా అక్క" అన్నాడు దర్జీ, నేల చూపులు చూస్తూ.

"ఇంకేం! సొంత మనుషులేగా" అని ఇన్‌స్పెక్టరు గారు హాయిగా వెళ్ళిపోయారు. పాపం, ఆయనకేం తెలుసు.

వదినా మరదళ్ళు మాట్లాడుకుని ఎనిమిది నెలలైంది. ఒక రోజు గేటు తీసి ఉండటంతో ఈ కోళ్ళు నలుగురూ కలిసి పక్కింటికి వెళ్ళి, వదిన పాలకూర మడిని నున్నగా దువ్వి వచ్చారు. వదిన కేకలేసింది. అప్పుడు క్షమించమని ఊరుకుంటే సరిపోయేది. కోళ్ళావిడ ఓదార్చబోయి, "పోనీలెండి వదినా, ఎలాగూ ముదిరిపోయిన కూరేగా" అంది. అంతే. అప్పట్నుంచి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ దర్జీయే మోస్తున్నాడు.

పక్కింటి గుమ్మం ముందు కోళ్ళావిడ రెండుసార్లు చెప్పులు విడిచి, రెండుసార్లు తొడుక్కుంది.

"విడిచినవాటిని మళ్ళీ తొడగడం దేనికి? లోపలికి రా" అంది లోపలి నుంచి గొంతు.

వదిన ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆ చెవికి చెప్పుల చప్పుడు ఒక లెక్క కాదు. వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది.

"పంతొమ్మిదట కదా" అంది తలెత్తకుండా.

"విన్నారా?"

"ఇరవై అడుగుల్లో ఉన్నదాన్ని, వినపడదా? కాదు కాదు, పంతొమ్మిది."

"సంతకం కావాలి వదినా."

"ఎనిమిది నెలలుగా అన్నీ మా తమ్ముడితోనే అడిగించావు. దీనికి నువ్వే వచ్చావేం?"

"మీ తమ్ముడికి ఏదైనా కత్తిరించి చెప్పడం అలవాటు."

వదిన పెదవులు కదిలాయి గాని, వెంటనే సర్దుకున్నాయి. కోళ్ళావిడ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ రోజు నేనన్నది తప్పే. పాలకూర ముదరలేదు."

"ముదిరింది" అంది వదిన. "ముదిరిందని నాకూ తెలుసు. నువ్వనకూడదు."

కోళ్ళావిడ చిక్కుళ్ళ బుట్ట ముందు చతికిలబడి తనూ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. "వాటి గోల మీకు కష్టమేనని తెలుసు..."

"గోలేమిటి? ముప్ఫై ఏళ్ళు చెవుల నిండా జనం గొంతులు పెట్టుకుని బతికాను. ఇప్పుడీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు తప్ప నోరెత్తేవాళ్ళు లేరు. పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ మందలింపులు. తొమ్మిదింటికి నర్సమ్మ గుడ్డు పెట్టి ఊరంతా చాటింపు వేస్తుంది. పెళ్ళికూతురు పెట్టినా గొణుగుతుంది, పెట్టకపోయినా గొణుగుతుంది."

"వాటి పేర్లు మీకెలా తెలుసు?"

"రోజుకు పదిసార్లు పిలుస్తావు, ఆ మాత్రం తెలియదా? సరే గాని, నిన్నట్నుంచి టైపిస్టు లైన్లో లేదేం?"

కోళ్ళావిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నిన్నంతా టేపు, కాగితాలు, గూడు కడగడం. టైపిస్టు అరుపు విన్నానా, లేదా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. లేచి చెప్పుల మాట మరిచి పరిగెత్తింది. వెనకే వదిన.

టైపిస్టు గూటి లోపలి మూలలో ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని, తోక వాల్చి, కళ్ళు సగం మూసుకుని నిలబడి ముక్కుతోంది. కోళ్ళావిడ దాని పొట్ట కింద వేళ్ళు పెట్టి చూసింది. లోపల గట్టిగా తగిలింది.

"గుడ్డు చిక్కుకుంది. ఇప్పుడు రాకపోతే ఇది బతకదు వదినా."

"నేనేం చేయాలో చెప్పు."

"గోరువెచ్చని నీళ్ళు. టబ్బులో."

జన్మలో కోడిని ముట్టని వదిన కొంగు బొడ్డులో దోపి, దాన్ని రెండు చేతులా పట్టుకుని పొట్ట వరకు నీళ్ళలో కూర్చోబెట్టింది. కోళ్ళావిడ నీళ్ళు చల్లారకుండా చెంబుతో పోస్తూ, నూనె చేత్తో మెల్లగా రాస్తూ ఉంది. గంటసేపు అలాగే.

"కాస్త ఆగండమ్మా, కలుపుతున్నాను" అంది వదిన కోడితో, పాత ఆఫీసు గొంతులో. అది ఏమనుకుందో గాని కదలకుండా కూర్చుంది.

దర్జీ తలుపులోంచి తొంగిచూశాడు. "నాలుగు కావస్తోంది. సంతకం సంగతి..."

"ఉండండీ!" అంది ఒకరు.

"ఉండరా!" అంది ఇంకొకరు.

ఆయన ఉన్నాడు.

చివరికి టైపిస్టు ఒళ్ళంతా ఒకసారి బిగబట్టింది. పెంకు పలచగా, వంకరగా ఉన్న గుడ్డు వదిన అరచేతిలోకి జారింది. వదిన దాన్ని చూసి, కోళ్ళావిడను చూసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"గూట్లో పెడితే మిగతావి పొడుస్తాయి, రెండు రోజులు వెచ్చగా ఉంచాలి" అంది కోళ్ళావిడ.

"మా పొయ్యి పక్కన ఉంచుతాను" అంది వదిన, కోడిని తువాల్లో చుట్టేస్తూ. ఆ మాట అడగడంలా లేదు.

నాలుగింటికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చేసరికి కాగితం మీద సంతకం ఉంది. పక్కనే నూనె మరక కూడా ఉంది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి, తలూపి, పెరట్లో కోళ్ళను లెక్కపెట్టారు. మూడు.

"నాలుగోది?"

"మా ఇంట్లో ఉంది" అంది గోడ అవతలి నుంచి వదిన.

"మీ ఇంటికి అనుమతి లేదు కదమ్మా. మీరు కోడిని పెంచడానికి వీల్లేదు."

"పెంచడమెక్కడ? చుట్టపుచూపుగా వచ్చింది."

ఇన్‌స్పెక్టరు గారు నిబంధనల పుస్తకం తీసి వేలితో వరసలన్నీ వెతికారు. ఎక్కడా చుట్టాల ప్రస్తావన లేదు. "ఎన్నాళ్ళుంటుంది?" అన్నారు.

"ఒంట్లో బాగాలేక వచ్చినవాళ్ళను ఆ మాట ఎలా అడుగుతామండీ?"

"నిజమే" అన్నారాయన. "మా మేనత్త కూడా పది రోజులకని వచ్చి..." అని ఆగిపోయి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం మీద 'నాలుగు' అని రాసి ముద్ర వేశారు.

కోళ్ళావిడ ఆ కాగితం ఇంకా చేతిలోకి తీసుకోకముందే గోడ అవతల గొంతు మళ్ళీ లేచింది.

"మరదలా! ఇదేం తింటుందే? నేనడిగితే చెప్పడం లేదు."

"వస్తున్నా వదినా!" అంది కోళ్ళావిడ.