పేపర్లో పడ్డ మల్లవ్వ

కెమెరా పట్టుకొచ్చిన మనిషి మల్లవ్వను ఒక్కటే అడిగాడు, ఒళ్ళోని చేట కాస్త పక్కకు పెట్టమని. అది అడ్డుగా ఉంటే ఫొటో బాగా రాదన్నాడు. మల్లవ్వ బీడీల చేటను గోడకు ఆనించి, తలంటుకున్న జుట్టు ఆరబోసుకుని, తన ఒంటిగది ఖోలీ గడపలో కూర్చుని నవ్వింది. పెళ్ళినాడు కూడా ఆమెకు ఫొటో తీసిన వాళ్ళు లేరు. ఇది ఏ పేపరుకు, దేనికి అని అడగాలని తోచనేలేదు. అడిగితే మాత్రం అతను నిజం చెప్పేవాడా అంటే, నాకు నమ్మకం లేదు.

కామాటిపురా అనగానే బొంబాయి వాళ్ళకు గుర్తొచ్చేది ఒకటే. మేడలు కట్టడానికి వచ్చిన మన తెలుగు కూలీలు, కామాటీల వల్లే ఆ పేరు వచ్చిందని ఎవరికీ పట్టదు. ఆడవాళ్ళ ఒళ్ళమ్మే ఆ వ్యాపారం నడిచే గల్లీలు అవతల ఉన్నాయి. మల్లవ్వ ఉండే ఈ చాల్‌లో, వరస ఖోలీల మేడలో, బీడీలు చుట్టుకునే సంసారాలుంటాయి. పేపరు వాళ్ళకు మాత్రం అంతా ఒకటే గల్లీ. అందులోనూ అది ఎనభై ఏడో సంవత్సరం. కొత్త రోగమొకటి వచ్చిందని, మందు లేదని, సోకితే చావేనని రోజూ రాస్తున్నారు. జనం జ్వరమొచ్చినా ఉలిక్కిపడుతున్నారు.

మల్లవ్వ కూతురు రత్నాబాయి తొలి కాన్పుకని వర్లిలోని అత్తింటి నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. భర్త చనిపోయాక మల్లవ్వకు మిగిలింది ఆ ఒక్క కూతురే. పుట్టబోయే బిడ్డను తన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలని ఆమెకు పగలూ రాత్రీ ఒకటే కలవరింత. పనిలో ఉండి కూడా మధ్య మధ్యలో కూతురి కడుపు మీద చెయ్యి వేసి చూసేది. రత్న విసుక్కునేది గానీ ఆ చెయ్యి తీసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం పక్క ఖోలీ గంగాబాయి ఫాక్‌లాండ్ రోడ్డు పాన్‌షాపులో పేపరు చూసి, కొనుక్కుని పరిగెత్తుకుంటూ వచ్చింది. పేపర్లో మల్లవ్వ ఉంది! సగం పేజీ ఫొటో. నవ్వూ జుట్టూ గడపా అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ చదువు రాదు. గంగాబాయి మల్లవ్వ నోట్లో చక్కెర పోసింది. మల్లవ్వ సిగ్గుపడుతూ ఆ పేపరును దేవుడి పటం ముందు పెట్టింది.

రత్న మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆమె పేపరు తీసుకుని ఫొటో కింది పెద్దక్షరాలు చదివింది. గడపలో కూర్చున్న చావు, అని ఉంది. కామాటిపురాలో ఇలాంటి ఆడవాళ్ళ ఒంట్లోంచే కొత్త రోగం ఊరంతా పాకుతోందని దాని కింద రాశారు.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అని మల్లవ్వ అడిగింది.

బీడీల పని గురించి రాశారని రత్న చెప్పింది. అయితే సాయంత్రం రాజలింగం అన్నతో అందరి ముందూ చదివిస్తానని మల్లవ్వ మురిసిపోయింది. రత్నకు అసలు భయం అప్పుడు మొదలైంది.

రాజలింగం మిల్లులో పని మానేసిన పెద్దమనిషి. రోజూ సాయంత్రం ఖోలీల ముందున్న పొడుగాటి గ్యాలరీలో స్టూలు వేసుకుని, మరాఠీ పేపరును తెలుగులో చెబుతూ చదువుతాడు. ఆడవాళ్ళంతా చేటలు ముందు పెట్టుకుని, బీడీలు చుడుతూ వింటారు. వాళ్ళకు లోకమంటే ఆయన గొంతులోంచి వచ్చిందే. యుద్ధమైనా, ధరలైనా, మంత్రి పదవి ఊడినా ఆయన చదివాకే జరిగినట్టు లెక్క. ఆయన మాటకు చాల్‌లో తిరుగులేదు.

రత్న ఆయన ఖోలీకి వెళ్ళింది. మెట్లు దిగుతుంటే కడుపులో బిడ్డ తన్నింది. ఆమె గోడ పట్టుకుని కాసేపు నిలబడి మళ్ళీ దిగింది. రాజలింగం అప్పటికే ఆ పేజీ చూసేశాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"మామా, ఇయ్యాల అది చదువకు," అంది రత్న. "మా అమ్మ ఎసుంటిదో నీకెరుక లేదా?"

"ఎరుకనే బిడ్డా. గని ఇన్నేండ్లల్ల ఒక్క అక్షరం మింగలే నేను. నేను చదువకుంటె ఈ పోరగాండ్లు చదువుతరు, ఇంకింత మసాలా కలుపుతరు. ఉన్నది చదివి, ఇది తప్పని నా నోటితోనే చెప్త. నా మాట ఇనరా ఏంది?"

ఆయన మంచి మనిషే. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ తన మాటకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

సాయంత్రం మల్లవ్వ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది. రత్న తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. పారిపోదామంటే అమ్మను వదిలి ఎక్కడికి పోతుంది? రాజలింగం గొంతు సవరించుకుని, రాసింది రాసినట్టు చదివాడు. మల్లవ్వ మొదట నవ్వుతూనే వింది. తర్వాత ఆ నవ్వు ఏం చెయ్యాలో తెలియక ముఖం మీద అలాగే ఉండిపోయింది. గ్యాలరీలో ఆకు కత్తిరించే కత్తెరల చప్పుడు ఆగిపోయింది. రాజలింగం పేపరు మడిచి, ఇదంతా తప్పు, మన మల్లవ్వ మనకు తెలియదా అన్నాడు. అందరూ తలలూపారు. కానీ పేపరు తప్పని ఆయన అంతకుముందు ఎన్నడూ అనలేదు. ఆయన చదివింది వాళ్ళ చెవుల్లోకి వెళ్ళింది. చివర కలిపింది ఓదార్పు మాటగా మిగిలిపోయింది.

గంగాబాయి తన చేటను కాస్త పక్కకు జరుపుకుంది. కావాలని చేసిందో లేదో ఆమెకే తెలియదు.

ఎవరూ ముఖాన ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాళ్ళ జుట్టు పట్టుకుని రత్న కొట్లాడేది. నల్లా దగ్గర మల్లవ్వ బిందె పెడితే మిగతా బిందెలు మెల్లగా వెనక్కి జరిగేవి. నోట్లో పెట్టుకునే బీడీ కదా, ఆమె చుట్టినవి మన కట్టల్లో కలవకుండా చూసుకోవాలని మేడ మీద గుసగుసలు వినిపించేవి. వర్లి నుంచి రత్న భర్త సాయిలు వచ్చి, మెట్ల కిందే నిలబడి కబురు పెట్టాడు. కాన్పు వర్లిలోనే చేయిద్దామని, బిడ్డను మల్లవ్వ ముట్టుకోవద్దని తన తల్లి అంటోందని చెప్పాడు. రత్న దిగొచ్చి, మరి నువ్వేమంటావని అడిగితే కిందికి చూశాడు. ఆమె వెళ్ళనంది. ఆ రాత్రి నుంచి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. గ్యాలరీలో నలుగురి అడుగులు వినిపిస్తే చాలు, అమ్మను వెళ్ళగొట్టడానికి వస్తున్నారని లేచి కూర్చునేది.

చివరికి రత్నే తల్లిని పెద్ద దవాఖానకు తీసుకెళ్ళి నెత్తురు పరీక్ష చేయించింది. ఏ రోగమూ లేదని డాక్టరు చెప్పాడు. రాజలింగం ఆ సంగతి గ్యాలరీలో గట్టిగా ప్రకటించాడు. మంచిదే అన్నారందరూ. చేటలు మాత్రం జరిగిన చోటే ఉన్నాయి. మల్లవ్వ అప్పటికే తన గ్లాసూ పళ్ళెమూ వేరు పెట్టుకుంది. కూతురి కడుపు మీద చెయ్యి వేయడం మానేసింది. ఏమైందని రత్న అరిస్తే, ఏం లేదని గోడ వైపు తిరిగి పడుకునేది.

ప్రసూతి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. మల్లవ్వ వార్డు తలుపు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మని రత్న పిలిస్తే మంచం దాకా వచ్చి ఆగింది. రత్న కష్టంగా లేచి కూర్చుని బిడ్డను ఆమె వైపు చాచింది.

"పట్టుకో అమ్మా."

మల్లవ్వ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "వద్దు బిడ్డా."

"నీకేం లేదని డాక్టరు చెప్పిండు గదా."

"డాక్టరు ఒక్కడు చెప్పిండు. పేపరు ఊరంత చదివింది. రాజలింగమన్న ఎన్నడన్న అబద్ధం చదివిండా? నాకు తెల్వకుంటనే నా ఒంట్ల ఉన్నదేమో, ఎవలకెరుక?"

రత్నకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. పట్టుకో అని మళ్ళీ గట్టిగా చెప్పాలని నోరు తెరిచింది. కిందికి చూస్తే బిడ్డ తన గుండెకు ఆనుకుని ఉంది. ఎప్పుడు వెనక్కి తీసుకుందో ఆమెకే తెలియలేదు. అమ్మ చేతులు కొంగులోనే ఉన్నాయని చూసి తన మనసు కుదుటపడిందని మాత్రం తెలిసింది. అన్ని రోజుల్లోనూ రత్న అంతగా భయపడింది అప్పుడే.