సామాను దగ్గర మనిషి

"చెరువు గాలికి ఆకలెక్కువేస్తుంది కాంతం, గుడ్లు ఇంకో నాలుగు ఉడకెయ్యి," అన్నారాయన పెరట్లో సైకిలు గొలుసుకు నూనె పెడుతూ.

అప్పటికి నేను లేచి మూడు గంటలైంది. పులిహోర కలిపి క్యారేజీలో సర్దాను. పిల్లలిద్దరికీ తలంట్లు పోసి, అత్తయ్యకు కషాయం కాచి ఇచ్చి, గుడికి వేసుకెళ్ళే బట్టలు ఇస్త్రీ చేశాను. ఆరాధన కాగానే అటునుంచి అటే చెరువుకి వెళ్ళాలి. కనుక దుప్పటి, మంచినీళ్ళ కూజా, అత్తయ్య మడతకుర్చీ, లూకాకు రెండో జత బట్టలు, అన్నీ ముందే జట్కాలో పెట్టించాలి. "ఏం పెద్ద పని? ఒక పూట సరదాగా తిరిగి రావడమేగా," అంటారాయన. ఆయనకు నిజంగానే అది సరదా. పోలీసు చర్య అయి నాలుగు నెలలు. ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి, రోడ్ల మీద మనుషులు నవ్వుతూ తిరుగుతున్నారు. మా ఆయన ఆర్థర్‌ జీవరాజు, రైల్వే గూడ్సు ఆఫీసు గుమాస్తా, కొత్త సైకిలు కొని ఆదివారానికొక చెరువు వెతకడం మొదలుపెట్టారు. ఏ కట్ట మీద దారి చదునుగా ఉంటుందో, ఏ గట్టున పిల్లలు పడకుండా సైకిలు తొక్కొచ్చో, ముసలివాళ్ళు కూర్చోడానికి నీడ ఎక్కడుంటుందో ఆయనకు నోటికి వచ్చు. ఆఫీసులో అందరూ ఆయన్నే అడుగుతారట. "కుటుంబంతో వెళ్ళాలంటే అల్వాలు చెరువు తర్వాతే ఏదైనా," అని చెబుతుంటారు.

హుస్సేన్‌సాగరు, అల్వాలు, హస్మత్‌పేట, సరూర్‌నగరు, ఇంటి దగ్గరి తిరుమలగిరి. ఐదు చెరువులు చూశాను. ఐదూ దుప్పటి మీద కూర్చునే చూశాను. దిగగానే దుప్పటి పరిచి, అత్తయ్య రోసమ్మగారిని కుర్చీలో కూర్చోబెడతాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నడవలేరు. పది నిమిషాలు బైబిలు చదువుకుని కునుకు తీస్తారు. ఆయన పిల్లల్ని తీసుకుని గట్టు దారి పడతారు. మొదటిసారి నేనూ చెప్పులు వేసుకుని లేచాను. "నువ్వెక్కడికి? సామాను దగ్గర మనిషుండాలిగా. కాకులూ కుక్కలూ ఊరుకుంటాయా," అన్నారు. న్యాయమేననిపించింది. రెండోసారీ న్యాయమే అనిపించింది. అటు తర్వాత నేను లేవలేదు, ఆయనా చెప్పలేదు.

ఒకప్పుడు నేను బొల్లారం మిషను బడిలో మూడో తరగతికి పంతులమ్మని. తిరుమలగిరి నుంచి మూడు మైళ్ళు రోడ్డు వెంట నడిచి వెళ్ళేదాన్ని. నలభై ఏడు దసరా సెలవులయ్యాక ఆయన వద్దన్నారు. రజాకార్ల భయం. రైలు దిగినవాళ్ళు చెప్పే కబుర్లు వింటే అన్నం సహించేది కాదు. "కాలం బాగుపడనీ, అప్పుడు చూద్దాం," అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. నేనూ భయపడ్డాను, ఆయన ఉన్నందుకు దేవునికి స్తోత్రాలు చెప్పుకున్నాను. సెప్టెంబరులో ఆ ఐదు రోజులూ కిటికీలకు గోనెపట్టాలు కట్టుకుని లోపలే ఉన్నాం. ఆడవాళ్ళు గడప దాటొద్దని వీధి పంపు దగ్గరికి ఆయనే వెళ్ళి బిందెలు మోసుకొచ్చారు. భుజం వాచిపోతే కొబ్బరినూనె రాశాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో మేం ఒకరికొకరం అంత దగ్గరగా ఉన్న రోజులు లేవు. ఐదోనాడు నిజాం లొంగిపోయారని రేడియోలో చెప్పారు. వీధంతా బయటికొచ్చింది. బొల్లారం వైపు వెళ్ళే మిలటరీ లారీలకు జనం పూలదండలు వేశారు. మర్నాడు పొద్దున్న బిందె మళ్ళీ నా చంకకెక్కింది. వెనక సందులో దర్జీ ఖాసింగారి ఇంటి తలుపులు మాత్రం అప్పట్నుంచి మూసే ఉన్నాయి. వాళ్ళావిడ పంపు దగ్గరికి రావడం మానేసింది. భయం ఊరు విడిచిపోలేదు, ఇల్లు మారిందంతే.

బడి నుంచి కబురొస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఒకసారి నేనే కదిపాను. "కాలం బాగుపడిందిగా?" అన్నాను అన్నం వడ్డిస్తూ. "పడింది. వాళ్ళకు అవసరముంటే పిలవరూ? పిలవకుండా వెళ్ళి నిలబడతావా?" అన్నారు. నిజమే కదా అనుకున్నాను. నన్ను మరిచిపోయారు కాబోలనుకుని, కూర మూకుడు తోముతూ ఏడ్చి, మొహం కడుక్కున్నాను.

ఆ ఆదివారం తిరుమలగిరి చెరువుకే వెళ్ళాం. దుప్పటి పరిచాను. ఆయన లూకాను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నారు. వెనక ఎక్కబోయిన డోరాతో, "నువ్వుండమ్మా. తొమ్మిదేళ్ళొచ్చాయి, పెద్దదానివవుతున్నావు. అమ్మకు తోడు కూర్చో," అన్నారు. డోరా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వచ్చి నా పక్కన కూర్చుని గౌను మోకాళ్ళ మీదికి లాక్కుని, క్యారేజీ మీద వాలబోయిన కాకిని చెయ్యెత్తి తోలింది. ఎవరూ నేర్పలేదు. ఐదు ఆదివారాలు నన్ను చూసి నేర్చుకుంది.

అక్కడ గంపలో రేగుపళ్ళు పెట్టుకుని దేవమ్మ అనే ఆమె అమ్ముతుంటుంది. కిందటిసారి వచ్చినప్పుడు కూడా ఉంది. ఆమె నన్నే చూస్తోంది.

"ఏందమ్మా, పోయినసారి సుత గీడనే కూసున్నవ్. చెర్వు సూడవా?"

"సామాను దగ్గర ఎవరో ఒకరుండాలి కదా," అన్నాను.

"నేను లేనా? పొద్దుగూకేదాంక గీడనే ఉంట. ముసలమ్మను సుత సూస్త. జెర తిరిగి రాపో. కాళ్ళు పట్టుకపోతయ్ గిట్ల కూసుంటే."

అత్తయ్య కుర్చీలో నిద్రపోతున్నారు. నేను లేచాను. అంత తేలిగ్గా లేవొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. డోరా చెయ్యి పట్టుకుని, ఆయన వెళ్ళిన వైపు కాక రెండో వైపు దారి పట్టాను.

దుప్పటి మీంచి చూస్తే చెరువంటే ఎదురుగా ఒక తెల్లటి బద్ద, అంతే. నడుస్తుంటే అది మలుపు మలుపుకూ మారుతోంది. చింతచెట్ల కింద నల్లగా ఉంది. నిండితే నీళ్ళు పొర్లిపోయే మత్తడి దగ్గర రాళ్ళ మీంచి సన్నగా జారుతోంది. చాకళ్ళు బట్టలారేసిన బండలు దాటాక తామరాకుల మధ్య నీటికోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి. దారి మీద సైకిలు చక్రాల గుర్తులు, మేకల కాళ్ళ గుర్తులు. డోరా ముందుకు పరుగెత్తి, వెనక్కొచ్చి, మళ్ళీ పరుగెత్తింది. నా చేతుల్లో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు కొంగు పట్టుకుని నడిచాను.

అవతలి గట్టున గొడుగు వేసుకుని ఒకావిడ ఎదురొస్తోంది. మా బడి ప్రధానోపాధ్యాయిని సువార్తమ్మగారు. నేను పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఆవిడ మాత్రం ఆగి, ముక్తసరిగా, "బాగున్నావా కాంతమణీ," అన్నారు.

"మీ దయవల్ల బాగున్నానమ్మగారూ. బడి ఎట్లా ఉంది?"

"నడుస్తోంది. మళ్ళీ రమ్మని నేను రాస్తే నువ్వు రానని రాశాక వేరే అమ్మాయిని వేసుకున్నాం. రెండుసార్లు చదివానమ్మా నీ ఉత్తరం. ఎనిమిదేళ్ళు చేసినదానివి, 'ఉద్యోగమందు నాకిక ఆసక్తి లేదు' అని ఒక్క ముక్కలో రాసేశావు. కష్టమనిపించింది."

నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన పరువు పోతుందని, "అవునమ్మగారూ, ఇంట్లో వీలుకాక అట్లా రాశాను," అన్నాను. చెయ్యని పనిని నా నెత్తినే వేసుకున్నాను. నవ్వాను కూడా.

డోరా నా మొహంలోకి చూసింది. "నువ్వెప్పుడు రాశావమ్మా? నాన్నగారు కదా రాసింది? నీ పాత పాఠాల పుస్తకం తెమ్మన్నారు. అందులో నీ సంతకం చూసి నాలుగుసార్లు దిద్దుకుని పెట్టారు. అమ్మకు చెప్పకు, తర్వాత మనమే చెబుదామన్నారు. నేను చెప్పలేదు," అంది, మాట నిలబెట్టుకున్న గర్వంతో.

సువార్తమ్మగారు గొడుగు ముడిచారు. నేను ఇంకా ఏదో సర్ది చెప్పాలని నోరు తెరిచాను. ఆఖరికి, "ఆ ఉత్తరం నాది కాదమ్మగారూ," అన్నాను.

"నీ చోటు ఇప్పుడు ఖాళీ లేదు," అన్నారావిడ మెల్లగా. "మూడో తరగతికి చెప్పే అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఈ వారంలోనే సెలవు పెడుతుంది. మూడు నెలలు. ఆ తర్వాత ఏమిటో నేను మాటివ్వలేను. రేపు పొద్దున్న ప్రార్థన వేళకు వస్తే తీసుకుంటాను. రాకపోతే తప్పు పట్టను. నాకూ తెలుసు ఇళ్ళ సంగతి."

వెనక్కి వచ్చేసరికి ఆయన దుప్పటి మీద కూర్చుని ఉన్నారు. క్యారేజీ ఆయన మోకాలి పక్కనే ఉంది. మూత తీయలేదు. "ఎక్కడికి పోయావు? పిల్లాడు ఆకలని గంట నుంచి ఏడుస్తున్నాడు," అన్నారు. నేను గిన్నెలు విప్పి లూకాకు పెట్టాను, అత్తయ్యకు పెట్టాను. ఆయన పళ్ళెంలో పులిహోర వేస్తూ అడిగాను.

"సువార్తమ్మగారి ఉత్తరానికి నా పేరుతో జవాబు రాశారా?"

ఆయన చెయ్యి ఆగింది. కోప్పడతారనుకున్నాను. నవ్వారు. "నీ మంచికేలే. పొద్దున్నే లేచి ఆ పరుగులూ అవీ ఎందుకు? ఇంట్లో ఏం తక్కువైంది?"

"నేనే రాయమన్నానమ్మాయ్," అన్నారు అత్తయ్య. "నా మోకాళ్ళ సంగతి చూస్తున్నావుగా. వాణ్ణేమీ అనకు."

"నన్ను అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే ఏమనేదానివి?" అన్నారాయన.

"వెళ్తాననేదాన్ని."

"అందుకే అడగలేదు," అని గుడ్డు పెంకు ఒలుచుకున్నారు.

ఆ మాటలో దాపరికం లేదు. నా మీద ద్వేషం లేదు. భయం ఉన్నన్నాళ్ళూ నన్ను లోపల ఉంచింది రజాకార్లే అనుకున్నాను. రజాకార్లు పోయారు. లోపల ఉండటం మాత్రం అందరికీ అలవాటైపోయింది, ఆఖరికి నాకు కూడా. లేకపోతే గట్టు మీద ఆ అబద్ధం నా నోట అంత గబుక్కున ఎట్లా వచ్చింది?

"మీరు రాసింది మీ జవాబు. నా జవాబు రేపు నేనే వెళ్ళి ఇస్తాను," అన్నాను.

"మూడు మైళ్ళు ఎట్లా వెళ్తావు? సైకిలు నాకు కావాలి."

"ఇదివరకు ఎట్లా వెళ్ళానో అట్లాగే."

గిన్నెలు సర్ది దుప్పటి మడిచాను. దేవమ్మ రేగుపళ్ళు కొన్ని డోరా ఒళ్ళో పోసింది. అవి తింటూ అది జట్కాలో నిద్రపోయింది.

సోమవారం మామూలు కంటే గంట ముందు లేచాను. పని ఏదీ తగ్గలేదు. రెండు పూటలకీ వండి మూతలు పెట్టాను, నీళ్ళు పట్టాను, అత్తయ్య మోకాళ్ళకు తైలం రాశాను, పిల్లలిద్దర్నీ బడికి తయారు చేశాను. ఆయన నావైపు చూడకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. నేను తెల్ల చీర కట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య అడ్డంగా కుర్చీ వేసుకుని ఉన్నారు. ఆమె మొహంలో కోపం కంటే బెదురెక్కువుంది. ఈ ఇంట్లో ఒంటరిగా పగలు గడపడమంటే ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలుసు.

"ఎవరన్నా వచ్చి అడిగితే ఏం చెప్పమంటావే?"

"బడికెళ్ళిందని చెప్పండత్తయ్యా."

ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కష్టంగా లేచి, పక్కకు జరిగారు. "మూడు నెలలకేగా," అన్నారు, తనకు తాను చెప్పుకున్నట్టు.

నేను అవుననలేదు.