వంకర గీత

తండ్రి రసూల్ సాహెబ్ పోయిన పన్నెండో రోజున సర్ఫరాజ్ కడపలోని తన చిన్న రికార్డింగ్ స్టూడియో తాళం తీశాడు. ఇన్ని రోజులూ కంట చుక్క నీరు రాలేదు. లోకం ఏమనుకుంటే అనుకోనీ.

కొత్త అంగడి తెరిచేటప్పుడు వేసుకోవడానికి నాదస్వరం సీడీ కావాలని వేంపల్లె బట్టల వ్యాపారి వాసుదేవ్ వచ్చి కూర్చున్నాడు.

జీవితమంతా నాదస్వరం ఊది, ఊపిరి చాలక మానుకున్న రసూల్ సాహెబ్ నాలుగేళ్లుగా స్టూడియోలో, కంప్యూటరుకు తగిలించి నాదస్వరం ధ్వని పలికించే మిడి కీబోర్డుకు ఎడమ పక్కన కూర్చునేవాడు. కొడుకు మెట్లు నొక్కితే, ఆయన పిచ్ బెండ్ చక్రం తిప్పి స్వరాన్ని జార్చేవాడు. వేళ్లు వణికేవి. ఆ వణుకు కంప్యూటరు తెర మీద వంకర గీతగా పడేది. ఆయన ఇంటికి పోయాక సర్ఫరాజ్ ఆ గీతను నున్నగా సరిదిద్దేవాడు; దాంతో స్వరంలోని వణుకూ పోయేది. తండ్రి పరువు కాపాడుతున్నాననే అనుకున్నాడు. ఆయనకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"మీ నాయన చెయ్యి పడిందే కావాలప్పా. పాతది యాడన్నా ఉండాదేమో చూడు," అన్నాడు వాసుదేవ్.

సర్ఫరాజ్ పాత ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. ప్రతి గీతా నున్నగానే ఉంది. తండ్రి చెయ్యి ఒక్కదాంట్లోనూ మిగల్లేదు.

"లేదన్నా. నేనే వాయిస్తా," అన్నాడు.

కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడమచేత్తో చక్రం తిప్పాడు. అతని వేళ్లూ వణికాయి. తెర మీద వంకర గీత పడింది. దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత, అలవాటు కొద్దీ, సరిదిద్దేశాడు.