వేపమండ తియ్యలేదు

"ఆ చేతులతోని అన్నం వెయ్యకు, కడుపుల దేవినట్టయితది" అన్నాడు నా కొడుకు అమరేందర్, కంచం పక్కకు జరుపుకుంటూ. కోడలు మంజులత గరిటె నా చేతికిచ్చి రంగు నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చర్మం జబ్బు. మోచేతి మడతల్లో, మెడ మీద, చేతుల మీద ఎర్రగా పొడిబారి ఒకటే దురద. మా మోత్కూరు ఇంట్లో మగ్గం వాడిది. నూలుకు ముడులు కట్టడం, రంగులో ముంచడం, పిండడం, ఆరేయడం ఆమెవి. అది పని కింద లెక్కకు రాదు, కోడలు కాబట్టి చేస్తుంది, అంతే. చేతులు పగిలి రక్తం వస్తే కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ ముంచేది. "పని తప్పిచ్చుకునేటందుకు ఒక దురద" అని వాడు నవ్వేవాడు. ఆ రోజుల్లోనే వాడి పెదవి మీద జ్వరం పొక్కులు లేచాయి. వాటికి వెన్న రాయడానికి మాత్రం ఆ చేతులనే పిలిచేవాడు.

కొన్నాళ్ళకు ఆమెకు జ్వరమొచ్చింది. మెడ నిండా, ముఖం నిండా నీటి పొక్కులు. పక్కింటి సైదమ్మ చూసి చెంపలేసుకుంది. "తల్లి పోసింది గోవిందమ్మక్కా! మందు గిందు ఇయ్యకుర్రి. సూదేపిస్తే తల్లికి కోపమొస్తది."

గడపకు వేపమండ కట్టాం. తాలింపు మానేశాం. కంచం జరుపుకున్న కొడుకే గడప బయట నిలబడి దండం పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ ఇంట్లో నాకు నడుం వాల్చే వీలు దొరికింది కూడా తల్లి పోసినప్పుడే కదా. బాలింతరాలినని చూడకుండా నాతో నూలు కండెలు చుట్టించిన మా ఆయన ధర్మయ్య, అప్పుడు మాత్రం "పండుకో తల్లీ" అన్నాడు.

కానీ ఒళ్ళు తుడుస్తుంటే నా చేయి ఆగింది. నాకు పోసినప్పుడు పొట్ట, వీపు, తల అంతటా పోసింది. మంజులతకు పాత దురద ఉన్నచోటే గుంపులుగా లేచి, ముఖం మీదికి పాకాయి. పగిలినచోట మేకు దిగినట్టు చిన్న చిన్న గుంటలు. కుడి రెప్ప వాచి మూసుకుపోతోంది.

"అత్తమ్మా, గీ కన్ను మసక కొడ్తాంది" అంది. "నూలు పోగు కనవడకపోతే నన్ను ఇంట్ల ఉంచుతరా?"

నేను లేచి ఆటో పిలిచాను.

"నీళ్ళు పోయకముందే గడప దాటిస్తవా? తల్లి ఊకుంటదా?" అని కొడుకు అడ్డం వచ్చాడు.

"కోపమొస్తే నా మీదికే రమ్మను. నువ్వు ఆటో ఎక్కు."

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ ఆ గుంటలు చూసి లేచి నిలబడింది. "ఇది అమ్మవారు కాదమ్మా. ఎగ్జిమా ఉన్న చర్మానికి పెదవి పొక్కుల వైరస్ అంటితే ఇట్ల పాకుతది. కన్నుదాకా వచ్చింది. ఇంకా ఆగితే చూపే కాదు, ప్రాణం కూడా పోయేది. మీ ఇంట్లో ఎవరికైనా పెదవి మీద పొక్కులు లేచాయా?"

మంజులత అమరేందర్ వైపు చూసింది. వాడు తన పెదవిని అరచేత్తో కప్పుకున్నాడు.

చేర్చుకుని సెలైన్‌లో మందు ఎక్కించారు. కన్ను నిలిచింది. చర్మం పూర్తిగా మానేదాకా రంగు నీళ్ళు ముట్టొద్దని చెప్పి పంపారు.

మంజులతను ఇంటికి తెచ్చి లోపల పడుకోబెట్టి వచ్చేసరికి కొడుకు వేపమండ తీయబోయాడు. "తల్లి కాదన్నరు గదనే అమ్మా. ఇగ జర లేవమను, రంగు కలిపి పెట్టిన."

వాడి చేయి పట్టుకుని ఆపాను. ఎండిన మండ విప్పి పచ్చిది కట్టాను.

"కలిపినోనివి నువ్వే ముంచు బిడ్డా. లోపల పండుకున్నది తల్లి కాదు, మంజుల. గామెకు గూడ కోపమొస్తది."