మూడేళ్ళ జలుబు

శనివారం సాయంత్రం ఏడింటికి టీవీలో వంటల పోటీ వస్తుంది. ఆ గంటసేపు ఆ ఇంటి హాలు కోర్టు అయిపోతుంది. తీర్పులు చెప్పేది హెడ్డమ్మ.

మూడు వందల మంది భోంచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆవిడ హెడ్ కుక్. పదహారేళ్ళ సర్వీసు. అక్కడివాళ్ళు పెట్టిన పేరు మెల్లగా ఇంటిదాకా నడిచొచ్చి, ఇప్పుడు ఆడపడుచు కూడా హెడ్డమ్మా అనే పిలుస్తుంది. ఆడపడుచు పై అంతస్తులో ఉండి బట్టలు కుడుతుంది. శనివారం ఏడయ్యేసరికి మిషన్ మీద గుడ్డ కప్పేసి, చీరకి దారం ముక్కలు అంటుకుని ఉండగానే కిందికి దిగి వస్తుంది. సోఫాలో మూడో మనిషి హెడ్డమ్మ భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన మాట్లాడితే విశేషం, మాట్లాడకపోతే మామూలు.

"ఆ చేప చూశారా వదినా, లోపల పచ్చిగానే ఉంటుంది. మూకుడు వేడెక్కకుండా వేసేశాడు" అంటుంది హెడ్డమ్మ. రెండు నిమిషాలకి గడ్డం జడ్జి చేపని విరిచి అదే మాట అంటాడు. ఆడపడుచు చప్పట్లు కొట్టి, "నీ నాలుకకి గుడి కట్టాలే" అంటుంది. హెడ్డమ్మ ఒక చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటుంది.

ఒక శనివారం మాత్రం భర్త కుదురుగా లేడు. ఆరున్నర నుంచీ గదిలోకీ హాల్లోకీ తిరుగుతున్నాడు.

"ఇవాళ అలా నడిచొద్దామా?" అన్నాడు.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. హెడ్డమ్మ ఎగాదిగా చూసింది. "ఏడింటికా? ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"సినిమాకైనా వెళ్దాం."

"కూర్చోండి కాసేపు. వెన్నులో పురుగు దూరినట్టు ఏంటా తిరగడం?"

ఆయన కూర్చున్నాడు. సోఫా అంచు మీద, బస్సు రాగానే లేచిపోయేవాడిలా.

వంటతో సంబంధంలేని పనులు చేసుకునేవాళ్ళకి ఆ వారం పోటీ పెట్టారు. నలుగురు మనుషులు, నాలుగు పొయ్యిలు. అందరూ చేయాల్సింది గుమ్మడికాయ సూపు. ముందు మొహాలు చూపించలేదు, చేతులే చూపించారు. మొదటి జత చేతులు చకచకా తొక్క తీశాయి. రెండో జత వణికాయి. మూడో జత మీదికి కెమెరా వెళ్ళగానే హెడ్డమ్మ పకపకా నవ్వింది.

"వీడెవడో గానీ కత్తిని స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు! చూడండి వదినా, గుమ్మడికాయకి మర బిగిస్తున్నాడు!"

ఆడపడుచు కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఆ చేతి మణికట్టు దగ్గర కాలిన మచ్చ ఉంది. ఆ మచ్చ ఆవిడకి తెలుసు. తమ్ముడికి ఏడేళ్ళప్పుడు ఇస్త్రీ పెట్టె తగిలింది తన చేతిలోంచే.

కెమెరా పైకి లేచింది. తెల్ల ఏప్రన్ కట్టుకుని, జుట్టు దువ్వుకుని, లైట్ల కింద కళ్ళు చికిలిస్తూ హెడ్డమ్మ మొగుడు నిలబడి ఉన్నాడు.

హెడ్డమ్మ టీవీ వంక చూసింది. పక్కకి తిరిగి సోఫా వంక చూసింది. మళ్ళీ టీవీ వంక చూసింది. ఇద్దరూ ఒకే మొహం పెట్టుకుని ఉన్నారు.

"ఏమండీ" అంది.

"చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "స్టూడియోలో లిఫ్టు ఆగిపోయిందంటే వెళ్ళాను. లోపల ఇరుక్కున్నతను పోటీకొచ్చినవాడు. బయటికి తియ్యగానే నాకీ పోటీ వద్దని ఇంటికెళ్ళిపోయాడు. ఒక పొయ్యి ఖాళీ. వంటొచ్చా అని నన్నడిగారు."

"మీకు వంటేంటి? ఇంట్లో నీళ్ళు కాచిన పాపాన పోయారా ఎప్పుడైనా?"

సరిగ్గా అదే ప్రశ్న టీవీలో యాంకరమ్మాయి కూడా అడిగింది. "లిఫ్టులు బాగుచేసే మీకు వంట ఎలా వచ్చిందండీ?"

"మా ఆవిడ వంట దిద్దుతూ దిద్దుతూ వచ్చింది" అన్నాడు టీవీలో ఆయన.

స్టూడియోలో జనం గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. గరిట పక్కన పెట్టాడు.

"మూడేళ్ళ కిందట ఆవిడకి జ్వరం వచ్చిందండీ. జ్వరం తగ్గింది గానీ దాంతోపాటే వాసన పోయింది, రుచీ పోయింది. ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద గిన్నె మాడిపోతోంది. మెట్ల దగ్గరికే కంపు కొడుతోంది. ఆవిడ పక్క గదిలో కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది, ఏమీ ఎరగనట్టు. అప్పుడు నాకు అర్థమైంది. రోజూ వండేసి స్నానానికి వెళ్తుంది. ఆ పది నిమిషాల్లో నేను వంటింట్లోకి వెళ్ళి ఉప్పు తక్కువైతే వేస్తాను, ఎక్కువైతే నీళ్ళు పోసి మరిగిస్తాను."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదండీ. క్యాంటీన్లో హెడ్ కుక్. చాలా పేరుంది."

యాంకరమ్మాయి కళ్ళు తుడుచుకుంది. వెనక నుంచి వయొలిన్ మోగింది.

హెడ్డమ్మకి ఎవరో నడివీధిలో తన పైట లాగేసినట్టనిపించింది. మూడేళ్ళు! అద్దంలో తన మొహానికి కూడా చెప్పని మాట అది. చెంచాతో కొలిచి, కూర రంగు చూసి, మరిగే చప్పుడు విని, ఆవిరి చేతికి తగిలే తీరుని బట్టి నెట్టుకొచ్చింది. ఎవరికీ తెలియదన్న ధైర్యంతోనే ప్రతి శనివారం ఈ సోఫాలో కూర్చుని తీర్పులు చెప్పింది. ఆ ధైర్యం పక్కనే ఈయన కూర్చుని ఉన్నాడు, అన్నీ తెలిసి, నోరు మూసుకుని.

ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఎవరూ తీయలేదు.

టీవీలో గడ్డం జడ్జి సూపు చప్పరించి, మనసు బాగుంది గానీ మిరియాలు ఎక్కువయ్యాయన్నాడు. టీవీలో హెడ్డమ్మ మొగుడు ఏప్రన్ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

హెడ్డమ్మ నోరు అప్పుడు తెరుచుకుంది.

"చెప్పి మరీ ఓడిపోయారా?"

ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "నిన్నటి కూర దిద్దారా?"

"కొంచెం."

"మా అమ్మ వచ్చినరోజు మాంసం?"

"అందులో అసలు ఉప్పే లేదు."

"అయితే నేనింతకాలం పొగిడింది ఎవర్నిరా?" అంది ఆడపడుచు, ఉండబట్టలేక. అని, నాలుక కరుచుకుంది.

హెడ్డమ్మ లేచి వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి వెళ్ళలేదు. అది తన వంటిల్లో కాదో ఆ క్షణాన తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది వెనక్కి తిరక్కుండా.

"నీ మొహం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు. అక్కడెవరో ముక్కూమొహం తెలియని పిల్ల అడిగితే వచ్చేసింది. పావుగంట మాట్లాడాను. లిఫ్టుల గురించి కూడా చెప్పాను. అవన్నీ కోసేసి ఇదొక్కటే ఉంచుతారనుకోలేదు."

"మీరు నా పరువు తీశారు" అంది హెడ్డమ్మ. ఏడవలేదు. ఆ రోజు ఆవిడ మాట్లాడిన చివరి మాట అదే.

ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆడపడుచు పైనుంచి రెండు పళ్ళేలు పంపింది. ఒకటి అలాగే వెనక్కి వెళ్ళింది.

సోమవారం పొద్దున్న ఆరింటికి హెడ్డమ్మ క్యాంటీన్ వెనక గుమ్మంలో అడుగుపెట్టేసరికి కూరగాయలు తరిగేవాళ్ళ కబుర్లు టక్కున ఆగిపోయాయి. శనివారం పోటీ అందరూ చూశారు. గిన్నెలు కడిగే ముసలావిడ ఒక్కతే తడిచేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. ఆవిణ్ణి అందరూ గిన్నెల పిన్ని అంటారు. మూడేళ్ళుగా హెడ్డమ్మ ఆవిణ్ణే పిలిచి గరిట అందిస్తోంది, "పిన్నీ, నువ్వోసారి చూడు, నాకు జలుబు చేసింది" అని.

"నీకూ తెలుసా పిన్నీ?"

"మూడేళ్ళు ఎవరికైనా జలుబు ఉంటుందటే తల్లీ?" అంది పిన్ని. "నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. గరిట ఇస్తున్నావు, చూస్తున్నాను. అంతే కదా."

హెడ్డమ్మ కొంగు బిగించి దోపుకుంది. ఎవరికీ తెలియదనుకున్న సంగతి అందరికీ తెలుసని ఆఖర్న తెలిసింది తనకేనేమో.

పదింటికి మేనేజరు పిలిచాడు. బల్ల మీద రుచి రిజిస్టరు తెరిచి ఉంది. రోజూ వంట కాగానే హెడ్ కుక్ నోట్లో వేసుకుని, 'రుచి చూశాను' అన్న గడిలో సంతకం చేయాలి. పేజీ తరవాత పేజీ, హెడ్డమ్మ సంతకాలే.

"ఇవన్నీ అబద్ధాలేనా?" అన్నాడు మేనేజరు. కోపంగా అనలేదు. నమ్మలేనట్టు అన్నాడు.

సర్ది చెప్పుకుందామని దారి పొడుగునా అల్లుకున్న మాటల్లో ఆవిడకి ఒక్కటీ గుర్తు రాలేదు. "రుచి చూసింది పిన్ని, సంతకం నాది" అంది. "ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నాకు చేతనైంది ఇదొక్కటే సార్."

మేనేజరు చాలాసేపు పేజీలు తిప్పాడు. మూడేళ్ళలో ఎవరూ తిండి బాలేదని గొడవ చేసిన గుర్తు లేదు. అయినా రిజిస్టరు రిజిస్టరే. చివరికి ఆవిడతో తప్పు ఒప్పుకుంటూ ఒక కాగితం రాయించుకున్నాడు. వంట ఆవిడే చేయాలి, రిజిస్టరు మాత్రం ఇక ముట్టుకోకూడదు. ఆ సంతకం గిన్నెల పిన్ని చేస్తుంది.

మధ్యాహ్నం పిన్ని పెన్ను పిడికిట్లో బిగించి, నాలుక బయటపెట్టి, గడి దాటిపోయేలా తన పేరు రాసింది. రాసి హెడ్డమ్మ వంక భయం భయంగా చూసింది. హెడ్డమ్మ తలూపింది. పదహారేళ్ళలో పిన్ని పేరేంటో తెలిసింది ఆ రోజే అని సిగ్గేసింది.

బుధవారం భర్తే సెలవు పెట్టి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు వేలెడంత వాసన సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టాడు. ఏదీ తెలియలేదు. నాలుగోదానికి మాత్రం ముక్కు కొసన ఏదో చల్లగా కదిలినట్టయింది. అది వాసనే అని చెప్పలేం, ఊహ కూడా కావచ్చు.

"మూడేళ్ళు ఎందుకు ఊరుకున్నారమ్మా?" అన్నాడు డాక్టరు. "మొదట్లోనే వస్తే బాగుండేది. ఇప్పుడు వస్తుందో రాదో చెప్పలేను. రోజూ రెండుపూటలా ఈ వాసనలు చూస్తూ ఉండండి."

బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది హెడ్డమ్మ. చెప్పి ఉంటే మందు దొరికేదేమో అన్న మాట ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా తనకి తట్టలేదు. పరువు దాచుకోవడంలోనే తెలివంతా ఖర్చైపోయింది. భర్త పక్కన కూర్చున్నాడు.

"నాదీ తప్పే. ఆ మాడిన గిన్నె రోజే నోరు తెరిచి ఉంటే నువ్వప్పుడే డాక్టరు దగ్గరికి వచ్చేదానివి" అన్నాడు. "నేను గిన్నె తోమి బోర్లించి పెట్టేశాను."

"అవును, మీదీ తప్పే" అంది ఆవిడ. కాసేపటికి, "లేవండి, ఆకలేస్తోంది" అంది.

ఇంటికొచ్చి వంకాయ కూర వండింది. ఈసారి స్నానానికి వెళ్ళలేదు. గరిటతో కాస్త తీసి భర్త ముందు పెట్టింది. ఆయన ఊది, నోట్లో వేసుకుని, అలవాటు కొద్దీ "బాగుంది" అన్నాడు.

ఆవిడ కళ్ళు చిట్లించింది.

"ఉప్పు తక్కువ. కారం మరీ ఎక్కువ. అసలు..." ఆయన తటపటాయించాడు. "బాలేదు."

హెడ్డమ్మ నిర్ఘాంతపోయింది. ఎన్నేళ్ళైంది, ఎవరైనా మొహం మీద ఆ మాట అని! మండిపడదామనుకుంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఉప్పు డబ్బా తీసి ఆయన చేతికి అందకుండా తన వైపు పెట్టుకుంది.

"ఎంత తక్కువో నోటితో చెప్పండి. వేసేది నేను."

"అర చెంచా" అన్నాడాయన. పొయ్యి పక్కనే నిలబడ్డాడు.