గుంట సోఫా

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, నాన్న, అమ్మ, పెదనాన్న, మేనత్త, నేను ఉన్నాం. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మంచినీళ్ల గ్లాసులున్న పళ్లెం పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అందరినీ రమ్మన్నది నాయనమ్మే. ఎందుకు రమ్మందో ఒక్కరూ అడగలేదు. ఆమె ఈమధ్య స్నానాల గదిలో జారిపడింది కాబట్టి, ఇక్కడే ఉంచాలా, ఊరి బయట వృద్ధుల వసతి గృహంలో చేర్చాలా అన్నది తేల్చడానికే అనుకున్నారు.

"లిఫ్టుంది, నర్సుంది, మంచం పక్కనే గంటుంది. ఇంకేం కావాలమ్మా?" అన్నాడు ఆ చోటు చూసొచ్చిన పెదనాన్న.

"నా కుట్టుమిషను పెట్టుకోనిస్తారా?"

"ఈ వయసులో మిషనేంటి!"

పెదనాన్న కారు నడపడం నేర్పుతాడు. ఏ గొడవనైనా పరీక్ష పెట్టి తేల్చడం ఆయన అలవాటు. నేను ఒంటరిగా బడికి వెళ్లగలనా అన్నది కూడా రోడ్డు దాటించి చూసి తేల్చాడు.

"అమ్మా, ఆ సోఫాలో కూర్చో. చేతులు ఊనకుండా లేస్తే ఇక్కడే ఉండు. లేవలేకపోతే మా మాట వినాలి."

ఆ సోఫాను వడ్రంగి పని చేసే మా నాన్నే చేశాడు. ఒక కాలు పొడవైందని కోశాడు. అప్పుడు ఇంకో కాలు పొడవనిపించింది. అలా కోస్తూ పోతే సోఫా జానెడు ఎత్తుకు దిగింది. మేం దాన్ని గుంట అంటాం. నాన్న చిన్నబుచ్చుకుంటాడని బయటివాళ్ల ముందు ఆ మాట ఎత్తం, పెదనాన్న వస్తే కుర్చీ వేస్తాం. నాయనమ్మ ఎప్పుడూ తన ఎత్తుపీట మీదే కూర్చుని, హాయిగా లేస్తుంది.

ఇప్పుడు ఆమెను గుంటలో కూర్చోబెట్టారు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. లేవబోయి వెనక్కి పడింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ పడింది.

"చాల్లే అన్నయ్యా, చూడలేకపోతున్నా," అంది అత్త.

"క్లచ్చు పోయిన బండి. ఇక షెడ్డుకే," అని నవ్వాడు పెదనాన్న.

నాన్న వైపు చూశాను. గోడకున్న మేకును చూస్తూ కూర్చున్నాడు. తప్పు సోఫాదని తెలిసీ నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లెం ఠప్పున బల్ల మీద పెట్టాను.

"పెదనాన్నా, మీరు లేవండి చూద్దాం. చేతులు ఊనకుండా."

"దీనికి నోరెప్పుడొచ్చింది?" అంది అత్త.

ఆయన నవ్వుతూ నాయనమ్మ పక్కన కూలబడ్డాడు. లేవబోయాడు. పక్కకు ఒరిగి కిటికీ కర్టెన్ పట్టుకున్నాడు. అది కడ్డీతో సహా ఊడి ఆయన నెత్తిన పడింది.

"కాళ్లు కాస్త ఎక్కువ కోశాను అన్నయ్యా," అన్నాడు నాన్న, అప్పుడు.

"నాయనమ్మ ఎక్కడికీ వెళ్లదు! నా గదిలో నా పక్కనే పడుకుంటుంది!" అని అరిచాను.

నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

"అయ్యాయా మీ పరీక్షలు? అటు వాళ్లు, ఇటు నువ్వు. నన్నడిగిన వాళ్లు ఒక్కరూ లేరు. నా దగ్గర కాజాలు కుట్టే ఆవిడా, నేనూ వీధి చివర ఇస్త్రీ కొట్టు వెనక గది మాట్లాడుకున్నాం. మెట్లు లేవు. స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీ కూడా బిగించారు. ఇది చెబుదామనే పిలిచా."

"ఇద్దరు ముసలోళ్లు ఒకరినొకరు ఏం చూసుకుంటారమ్మా?" అంది అత్త.

"నిన్ను చూసుకున్నదెవరే?"

అంత మంది ముందు నేను అరిచింది ఎవరి కోసం? "నాకు కూడా చెప్పలేదు. నన్ను వదిలేసి పోతావా?"

"వీధి చివరేగా. బడి అయ్యాక రా."

"నేను రాను."

"రాకు."

ఆమె తన గదిలోకి నడిచి, దుప్పటి తీసి మిషనుకు చుట్టడం మొదలుపెట్టింది. కోపంతోనే వెనకాల వెళ్లి, దుప్పటి రెండో కొస పట్టుకోబోయాను.

"ముందు వెళ్లి ఆ ఏడుపు మొహం కడుక్కో," అని నన్ను గడప బయటికి నెట్టి తలుపేసుకుంది.